తెల్లచీర బడ్జెట్

మా బావను నేనొకసారి చంపాను. మూడు రూపాయలు మిగులుతాయని చంపాను. కంగారు పడకండి, ఆయన ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు. నిన్న సాయంత్రం కూడా మా ఇంటికొచ్చి కాఫీ తాగి, చక్కెర తక్కువైందని సణిగి వెళ్లాడు. కానీ ఆ చావు వల్ల మా అక్క పెళ్లి ఆగిపోయేదాకా వచ్చింది. దానికి కారణం నా అతితెలివి ఒక్కటే, ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. మార్కాపురం దగ్గర మా ఊరు. పంతులు ట్రైనింగు చదువుతున్నాను. అప్పటి మా రాజధాని మద్రాసులో బడ్జెట్ పెట్టారని పేపర్లో చదివిన రోజు నుంచి ఆ మాట నా నోట్లో నానుతూ ఉండేది. అక్క రూతమ్మకు పొదిలిలో బడిపంతులుగా ఉన్న సుందరంతో పెళ్లి కుదిరింది. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. రెండు అయిపోయాయి. ఇక పెళ్లికూతురికి తెల్లచీర కొనాలి. మా క్రైస్తవుల పెళ్లిలో అదే పెళ్లిచీర. నాయన కూలి డబ్బుల్లోంచి దాచిన పది రూపాయలు బయటికి తీస్తే, నేను అందుకున్నాను.

"నాయనా, దీనికి బడ్జెట్ ఉండాల."

"అంటే ఏందిరా?"

"ఖర్చు పెట్టకముందే ఖర్చు రాసుకునేది."

"పెట్టకముందే అది ఖర్చు ఎట్ల అయితది?" అన్నాడు నాయన. నేను అప్పటికే కాగితం మీద గీతలు కొడుతున్నాను.

చీరకు తొమ్మిది, ముసుగు గుడ్డకు ఒకటి అని రాశాను. మార్కాపురం దుకాణాల వాళ్లకు మేం బాగా తెలుసు. పెళ్లి అని తెలిస్తే ధర పెంచుతారు. అందుకని గిద్దలూరు వెళ్లి కొనాలని తీర్మానించాను. రైలు ఛార్జీ రాయడం మరిచిపోయిన మాట నిజమే. అది అమ్మ కొంగుముడిలోంచి వచ్చింది కాబట్టి ఖర్చు కిందికి రాదని సర్దుకున్నాను. మద్రాసులో కూడా ఇట్లాగే చేస్తారని నా నమ్మకం.

సోమవారం గిద్దలూరులో ఒక బట్టల దుకాణం ఎక్కాను. శెట్టిగారు పెద్దవాడు. నేనెవరో ఆయనకు తెలియదు.

"తెల్లచీర కావాల శెట్టిగారూ. మంచిది చూపియ్యండి."

ఆయన ఒక్కక్షణం నా మొహం చూశాడు. "ఎవరికి నాయనా?"

"మా అక్కకు."

"వయసెంత?"

"పందొమ్మిది."

"అయ్యో! పిల్లలా?"

"ఇంకా లేరు."

పెళ్లి కావలసిన పిల్లకు పిల్లలేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. నేను బడ్జెట్ కాగితం చూసుకుంటున్నాను.

"మీ బావకు జొరమా?" అన్నాడు ఆయన మెల్లగా.

"అవును. పోయిన నెల నల్లమల పక్కకు పోయొచ్చినాడు, పట్టుకునింది."

"ఆ పాడుజొరం ఎంతమందిని మింగిందో!" అని శెట్టిగారు కండువాతో కళ్లు ఒత్తుకుని చీర తీశాడు. "తొమ్మిది చెప్పేది. నువ్వు ఆరియ్యి, చాలు. ఇట్లాంటిదానికి బేరమాడగూడదు."

అప్పుడు అర్థమైంది. భర్త పోయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు తెల్లచీర పెట్టడం ఆయనకు తెలిసిన పద్ధతి. మా పెళ్లిళ్ల సంగతి ఆయనకు తెలియదు. అక్కడే "కాదు శెట్టిగారూ, పెండ్లికి" అనేస్తే సరిపోయేది. కానీ నోరు తెరిస్తే మూడు రూపాయలు పోతాయి. అబద్ధం ఆడకూడదని ఆదివారం బడిలో నేర్చుకున్నవాణ్ణి, అందుకని ఆడలేదు. ఆయన అడిగినవాటికల్లా నిజాలే చెప్పాను. నిజాలతోనే మనిషిని చంపవచ్చని ఎవరూ నేర్పలేదు మరి.

"మీ బావది ఏ ఊరు?"

"పొదిలి. సుందరం పంతులంటారు."

"పొదిలినా? మా అల్లుడు ఆడనే కొట్టు పెట్టుకున్నాడే!"

"అట్లనా," అన్నాను. నా బుర్ర ఆ మాట దగ్గర లేదు. మిగిలిన మూడు రూపాయలకు బడ్జెట్లో కొత్త పద్దు రాసే పనిలో ఉంది: పెళ్లికూతురి తమ్ముడికి కాన్వాసు జోళ్లు.

ఇంట్లో అందరూ చీర చూసి మెచ్చుకున్నారు. అక్క దాన్ని భుజం మీద వేసుకుని అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. శుక్రవారం మధ్యాహ్నం బావవాళ్లమ్మ మరియమ్మత్త బస్సు దిగి, వాకిట్లోకి రాకముందే మొదలుపెట్టింది.

"ఎవర్రా నా కొడుకును చంపినోడు?"

సంగతేమిటంటే, శెట్టిగారు అల్లుడికి జాబు రాశాడు. ఆ అల్లుడు మంచివాడు. బస్తా బియ్యం మోయించుకుని మరియమ్మత్త గడపలో తలవంచుకుని నిలబడ్డాడు. "పంతులు పోయినాడంట గదమ్మా, ఆయన బామ్మర్ది మా మామ కొట్లో తెల్లచీర కొనుక్కపోయినాడని మామ రాసినాడు. ధైర్యం తెచ్చుకోండి" అన్నాడు. ఆవిడ గుండెలు బాదుకుంటూ బడికి పరుగెత్తింది. అక్కడ శవం పిల్లల చేత పదహారో ఎక్కం చెప్పిస్తోంది.

"ఏందిరా ఇది?" అన్నాడు నాయన.

"నేనొక్క అబద్ధం చెప్పలా నాయనా."

"చెప్పిందేందో చెప్పు."

చెప్పాను. అక్క చీర తెచ్చి నా ఒళ్లో పడేసింది. "నువ్వే కట్టుకో," అని లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పటిదాకా లోపల్లోపల నవ్వుకుంటున్నవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. తలుపు వెనక అక్క ఏడుస్తున్నట్టు వినిపించింది.

"నా కొడుకు చావుకు కొన్న చీరతో నా కోడలు చర్చి మెట్లెక్కదు," అంది మరియమ్మత్త. "ఇంకో చీర కొనను మీకాడా లేదు, మాకాడా లేదు. ఒరే అబ్బయ్యా, ఆ శెట్టి నోటితోనే ఇది పెండ్లిచీర అనిపించు. పెండ్లిచీర ధర ఎంతో అంత ఆయనకిచ్చిరా. అందాక మూడో ప్రకటన చదవనియ్యను."

మూడో ప్రకటన ఎల్లుండే. శనివారం పొద్దున్నే చీర చంకన పెట్టుకుని మళ్లీ రైలెక్కాను. దుకాణంలో నిలబడి మొత్తం చెప్పాను. శెట్టిగారు చేతిలోని గజంబద్ద పక్కన పెట్టాడు.

"అయితే మీ బావ బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు శెట్టిగారూ."

"సల్లగుండనీ," అని ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నిజంగానే సంతోషించాడు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "మా అల్లుడిచ్చిన బియ్యం పెండ్లి భోజనాలకు వాడుకోమను," అని కూడా అన్నాడు. నేను మూడు రూపాయలు తీసి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది?"

"పెండ్లిచీర తొమ్మిది గదా. మీరు తగ్గించిన మూడు."

శెట్టిగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి పిచ్చి నాయనా! తొమ్మిది చెప్పేదే ఆరుకిచ్చేటందుకు. పెండ్లివాళ్లయితే బేరమాడి అయిదున్నరకు పట్టుకపోతారు. చావుచీరని నువ్వు నోరెత్తలా, నేను ఆరుకాడనే నిలబడిన." నా మూడు రూపాయలు నాకే తోసి, గల్లాపెట్టెలోంచి ఒక అర్ధరూపాయి తీసి వాటి మీద పెట్టాడు. "ఇప్పుడు ఇది పెండ్లిచీర. పో, మీ అక్కకు నా మాటగా చెప్పు."

ఆదివారం మూడో ప్రకటన చదివారు. గురువారం అక్క ఆ చీరలోనే పెళ్లి చేసుకుంది. ముసుగులోంచే నన్ను చూసి నవ్వింది కూడా. మూడు రూపాయలు మిగిల్చానని మురిసిపోయినవాణ్ణి, నిజానికి ఆ సోమవారం సొంత బావను చంపి అర్ధరూపాయి ఎక్కువిచ్చి వచ్చాను. అందుకే ఆ శనివారం గిద్దలూరు స్టేషన్లో, గంట కొట్టినవాడి సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో బడ్జెట్ కోసం బంధువులెవరినీ చంపను. మరీ తప్పనిసరి అయితే, ముందు బేరమాడి చూస్తాను.