రేటు తగ్గాక పంపుతా

ఆ ఇంట్లో ఆమెను అందరూ సిస్టరక్క అనేవాళ్ళు. పదకొండేళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసింది కాబట్టి సిస్టర్. ఇంట్లో ఉన్న మిగతా ముగ్గురికంటే పన్నెండేళ్ళు పెద్దది కాబట్టి అక్క. దాచుకున్న జీతమూ, ఊరి చివర కొనుక్కున్న ప్లాటు అమ్మగా వచ్చిన డబ్బూ బ్యాంకులో వేసుకుని, ముప్పై అయిదో ఏట ఆసుపత్రి నిర్వహణ చదవడానికి దేశం దాటి వచ్చింది.

పొదుపు ఆమెకు బాగా వచ్చిన విద్య. శనివారం సాయంత్రం మార్కెట్ మూసే ముందు సగం ధరకు ఇచ్చే కూరగాయలు తెచ్చేది. ఆదివారం కూర్చుని తరిగి, వారానికి సరిపడా డబ్బాల్లో సర్దేది. గది హీటరు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో ఆమే చెప్పాలి. రోజుకో బస్సు టికెట్ కొంటున్న పొడుగుపిల్ల చేత నెల పాస్ కొనిపించింది. పొడుగుపిల్ల ఆమె గదిలోనే ఉంటుంది. లెక్కలు చదువుతుంది. పాస్ సంగతి మాత్రం తట్టలేదు.

ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఏ వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చి చెప్పకూడదు. చెప్పినవాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. కొత్తగా వచ్చిన పిల్లలు టమాటాల ముందు నిలబడి గుణకారాలు చేసి, ఉత్త చేతులతో తిరిగి వచ్చి, సాయంత్రానికి ఆకలి ఆగక బయట మూడింతలు పెట్టి తినడం ఆమె చూసింది.

"అన్నిటికీ గుణిస్తూ కూర్చుంటే గాలి పీల్చడం కూడా మానెయ్యాలమ్మా" అనేది.

ఇంత తెలిసిన మనిషి ఒకచోట తప్పు చేసింది. వచ్చేముందు తన పాత ఫోన్ నంబరు ఏం చెయ్యాలని తమ్ముణ్ణి అడిగింది. విదేశంలో ఆ నంబరు పనిచెయ్యాలంటే ఏడాదికి మూడు వేల పైచిలుకు కట్టాలి. తమ్ముడికి బెల్లం హోల్‌సేల్ కొట్టు ఉంది.

"మూడు వేలు ఎందుకక్కా దండగ? ఆ సిమ్ము చిన్న ఫోన్లో వేసి నా దగ్గర పడేసి వెళ్ళు. చిల్లరతో బతికించేస్తా" అన్నాడు.

నిజమే అనిపించింది. ఇచ్చి వచ్చింది. ఆ ఫోన్ కొట్లో గల్లాపెట్టె పక్కన సొరుగులో ఉండేది. బ్యాంకులో ఉన్న డబ్బు ఆమెది. ఖాతా ఆమెది. ఆ డబ్బు కదలాలంటే బ్యాంకువాళ్ళు పంపే ఆరు అంకెలు మాత్రం ఆ సొరుగులోకి వెళ్ళి పడేవి. మూడు నిమిషాలు దాటితే చెల్లేవి కావు.

మొదటి విడత ఫీజు ఆమె ఊళ్ళో ఉండగానే కట్టింది కాబట్టి ఇబ్బంది రాలేదు. రెండో విడత తొమ్మిది వేలు, ఇక్కడి డబ్బులో. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు గడువు. కట్టకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే వీసా పోతుంది. కాలేజీ పంపిన ఉత్తరంలో ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బ్యాంకు నుంచి డబ్బు ఇక్కడికి చేరడానికి రెండు పనిదినాలు పడుతుంది. అంటే బుధవారం దాటకుండా పంపాలి.

సోమవారం పొద్దున పనికి వెళ్ళేముందు వంటింట్లో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం.

"ఒరేయ్, డబ్బు పంపే పేజీ తెరిచాను. ఆ ఫోనుకి అంకెలు వస్తాయి, చదువు."

"ఇవాళ వద్దక్కా. అక్కడి డబ్బు రేటు నూటనాలుగు రూపాయల పది పైసలుంది. పోయిన నెల నూటరెండు చూశాం. తగ్గాక పంపుదాం."

"తగ్గకపోతే?"

"తగ్గకుండా ఎక్కడికి పోతుంది? పదహారేళ్ళుగా బెల్లం చూస్తున్నా."

"ఇది బెల్లం కాదురా."

"ఏదైనా రేటు రేటే కదక్కా. ఎక్కువున్నప్పుడు కొనేవాణ్ణి ఏమంటారు?"

ఏమంటారో ఆమె అడగలేదు. వృద్ధాశ్రమం లాండ్రీలో పదింటికి పని మొదలవుతుంది. వెళ్ళి ఆరుగంటల పాటు దుప్పట్లు మడిచింది. మూలలు కలిపి, చేత్తో ఒక్కసారి సాపుచేసి, పైన పేర్చడం. ఆ రోజు మడతలు మామూలుకంటే గట్టిగా పడ్డాయి.

మంగళవారం నూటనాలుగు ముప్పై అయిదు.

"చూశావా, తగ్గుతుందన్నావు."

"ఇది తగ్గేముందు ఎక్కడంలే అక్కా. నాకు తెలుసు. అయినా శుక్రవారం అంటే శుక్రవారమేనా? వాళ్ళని అడిగి చూశావా? కాస్త బతిమాలి అడిగితే ఓ పదిరోజులు ఇవ్వరా?"

"ఎవర్రా ఇచ్చేది? అది నీ కొట్టు కాదు, అరువుకి."

"అడక్కుండానే ఇవ్వరంటే ఎలా?"

అడగకపోతే ఏడాది పొడుగునా ఆ మాటే అంటాడని, పని అయ్యాక కాలేజీ ఫీజుల కౌంటరుకు వెళ్ళింది. అద్దం వెనక ఉన్నామె మర్యాదగానే చెప్పింది. శుక్రవారం నాలుగింటికి కంప్యూటరే మూసుకుంటుంది, ఆ తర్వాత నేను తీసుకుందామన్నా తీసుకోలేను. అక్కడే నిలబడి బ్యాంకు సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. నంబరు మార్చుకోవచ్చు అన్నారు. స్వయంగా శాఖకు వచ్చి సంతకం చెయ్యాలి అన్నారు. నేను వేరే దేశంలో ఉన్నాను అంది. పరవాలేదు మేడమ్, శనివారాలు కూడా తెరిచే ఉంటుంది అన్నారు.

బుధవారం తొమ్మిదింటికి మళ్ళీ చేసింది. నూటనాలుగు తొంభై.

"ఇవాళైతే అస్సలు వద్దు" అన్నాడు తమ్ముడు. "వారం మొత్తంలో ఇదే ఎక్కువ. ఇవాళ పంపితే మనంత తెలివితక్కువవాళ్ళు ఉండరు."

"ఇవాళ పంపకపోతే నా చదువు పోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అరవకు. కొట్లో జనం ఉన్నారు. రేపు పొద్దున చూద్దాం. నీ డబ్బు ఒక్క పైసా వృథా పోనివ్వను, సరేనా?"

ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీ వైపు చూసింది. అవతలి మేడ గోడ తప్ప ఏమీ కనబడదు.

"పోనీ మేం ముగ్గురం కలిసి సర్దమా అక్కా?" అంది పొడుగుపిల్ల.

"మీ ముగ్గురి దగ్గరా కలిపి నాలుగొందలు లేవు. నాకు తెలుసుగా."

తర్వాత గడియారం చూసింది. అక్కడ ఒకటిన్నర దాటింది. తమ్ముడు రెండు గంటలకు భోజనం చేస్తాడు. కొట్టు వెనక బస్తాల మీద పావుగంట నడుం వాలుస్తాడు. అంతసేపూ క్యారేజీ తెచ్చిన మరదలు గల్లా దగ్గర కూర్చుంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. తొమ్మిది నలభైకి లాప్‌టాప్ పొడుగుపిల్ల చేతికిచ్చి, తను మరదలికి ఫోన్ చేసింది.

"వాడు పడుకున్నాడా?"

"ఇప్పుడే వదినా. గురక మొదలైంది. లేపనా?"

"లేపకు. ఎడమవైపు సొరుగులో నా పాత ఫోన్ ఉంటుంది. తియ్యి."

మరదలు గొంతు తగ్గించింది.

"ఆయన వద్దన్నారు వదినా. అక్కకి లోకం తెలీదు, తొందరపడుతుంది, నన్నడక్కుండా ఎవరూ ముట్టుకోవద్దన్నారు."

"లోకం తెలీకపోవడమేంటమ్మా, మీ ఇద్దరి కాన్పులూ ఎవరు చూశారు?"

"నా రెండు కాన్పులండీ" అంది మరదలు. "ఆయనకి కాలేదు."

పొడుగుపిల్ల నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది.

"వాడు తిడితే నన్ను తిట్టమను. తియ్యి."

సొరుగు లాగిన చప్పుడైంది. పొడుగుపిల్ల మీట నొక్కింది.

"వచ్చిందండీ. ఏడు, రెండు..." ఇంతలో ఎవరిదో గొంతు. "ఏభై ఎనిమిది. ఆ నల్లదైతే ఏభై రెండు... మీక్కాదు వదినా, బేరం వచ్చింది. ఎక్కడున్నాం?"

"ఏడు, రెండు."

"ఆఁ. ఏడు, రెండు, రెండు... ఏమయ్యా, దిమ్మె విరిచి ఇవ్వం, తీసుకుంటే మొత్తం తీసుకో."

"ఆయన్ని ఒక్క నిమిషం ఆగమనమ్మా."

"ఆగమంటే పక్క కొట్టుకు పోతారు వదినా."

మూడు నిమిషాలూ అయిపోయాయి. పొడుగుపిల్ల తెరమీద ఎర్ర అక్షరాలు చూపించింది. సిస్టరక్క కళ్ళు మూసుకుని తెరిచింది. వార్డులో నరం దొరకని చేతికి రెండోసారి సూది గుచ్చేముందు కూడా అలాగే చేసేది.

"మళ్ళీ పంపించు" అంది పొడుగుపిల్లతో. ఫోన్లో, "ఈసారి కళ్ళు ఆ ఫోను మీదే పెట్టు. ఎవరు ఏమడిగినా అరవై అని చెప్పు."

"అరవై అంటే కొనరండీ."

"కొనకపోతే పోనీ."

ఈసారి ఆరు అంకెలూ వరసగా వచ్చాయి. తెరమీద పచ్చరంగు గుర్తు పడింది. లాండ్రీకి ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ఎనిమిది నెలల్లో అది మొదటిసారి. పర్యవేక్షకుడు గోడ గడియారాన్ని వేలితో చూపించాడు. ఆమె తల ఊపి, దుప్పటి అందుకుంది.

తమ్ముడి దగ్గర్నుంచి ఆ రోజు ఫోన్ రాలేదు. గురువారం కూడా రాలేదు. శుక్రవారం పదిన్నరకు డబ్బు చేరింది. ఆమె నేరుగా కౌంటరుకు వెళ్ళి కట్టి, పేరు, తేదీ, మొత్తం రెండుసార్లు సరిచూసుకుని రసీదు సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"నిన్న నూటనాలుగు పదికి దిగింది" అన్నాడు తమ్ముడు.

"ఊఁ."

"ఒక్కరోజు ఆగి ఉంటే ఏడు వేల రెండొందలు మిగిలేవి."

"ఒక్కరోజు ఆగి ఉంటే డబ్బు సోమవారం చేరేది. ఆ పై వారం నేనే ఊరు చేరేదాన్ని. అప్పుడు విమానం టికెట్ రేటు తగ్గేదాకా నన్ను ఎక్కడ కూర్చోబెట్టేవాడివి?"

అవతల కాటా మీద ఏదో బరువు దింపిన చప్పుడు వినిపించింది.

"నాకు తెలీకుండా, నా కొట్లో, నా సొరుగులోంచి. పనివాళ్ళ ముందు తల కొట్టేసినట్టయింది నాకు."

"మూడు రోజులు చెప్పానురా. చెప్పి చెప్పి నోరు పడిపోయింది."

"నీ మంచికేగా అక్కా నేను."

"నా మంచికే. కాదన్నానా? ఆ సిమ్ము ఇవాళే కొరియర్లో పంపించు. ఇక్కడికి వచ్చాక ఏడాదికి ఎంతవుతుందో నేను కట్టుకుంటా."

"కొరియరా? అంత చిన్న సిమ్ముకి మూడు వేలు అడుగుతాడు. బియ్యం కొట్టాయన కూతురు వచ్చే నెల అటే వస్తోంది. ఊరికే తెచ్చిపెడుతుంది."

"ఇటంటే ఎక్కడికి? ఈ ఊరికా?"

"ఊరు కాదు. మీ పక్క దేశమే అనుకుంటా."

ఆమె మెట్ల మీద కూర్చుంది. పక్కనుంచి విద్యార్థులు దిగిపోతున్నారు. ఒకతను చూసుకోక ఆమె సంచి తన్ని, క్షమించమని వెళ్ళిపోయాడు.

"మరదలికి ఫోనివ్వు."

"అది లోపలుంది. నాతో చెప్పు."

"నీతో చెప్పను. ఇవ్వు."

కొంత గొణుగుడు అయ్యాక మరదలు వచ్చింది.

"వదినా, రెండు రోజుల్నుంచి నాతో మాటల్లేవు ఈయనకి. అన్నం మాత్రం తింటున్నారు."

"తిననీ. కాగితం, పెన్ను తీసుకో. చిరునామా చెప్తాను."

ఆమె చెప్పసాగింది. తలుపు నంబరు, అంతస్తు, వీధి. ఒక్కో అక్షరమూ విడివిడిగా. అవతల తమ్ముడి గొంతు వినిపిస్తూనే ఉంది. మామూలు పోస్టులో వేస్తే మూడొందల్లో పోతుందని, ఎందుకైనా మంచిది ఇంకోచోట కనుక్కోమని. మరదలు రాస్తూనే ఉంది.

"వీధి పేరు రాశావా?"

"రాశానండీ."

"చదువు" అంది. మరదలు చదివింది. ఒక అక్షరం తప్పింది. దాన్ని దిద్దించి, కింది వరుస మొదలుపెట్టింది.