చెల్లె కొలతలు, నా ఇంగ్లీషు

మా ఎదురింటి చెల్లెకు ఒక విద్య ఉంది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, టేపు పెట్టకుండా జాకెట్ కత్తిరిస్తుంది. ఆ విద్య నాదేనని నేను ఒకసారి ఇంగ్లీషులో చెప్పాను. రెండు నిమిషాల పాటు, ఎక్కడా తడబడకుండా చెప్పాను. దాంతో నాకు ఉద్యోగం వచ్చింది, ఆమెకు రాలేదు. ఇదంతా రాస్తే మనసు తేలికపడుతుందన్న ఆశ నాకేమీ లేదు. నేను గయ్యాళినని మా వీధిలో పేరుంది, ఎవరు తప్పు చేసినా మొహం మీద అనేస్తాను. మరి నా తప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు ఎక్కడికి పోయిందో చెప్పుకోవాలి కదా, అందుకే రాస్తున్నాను.

చెల్లె అంటే తోడబుట్టింది కాదు. నేను అల్లాదుర్గ్ నుంచి, ఆమె ఎల్దుర్తి నుంచి మెదక్‌కు కోడళ్లమై వచ్చాం. ఇంటికి ఇల్లు ఎదురు, నాకంటే మూడేళ్లు చిన్నది. మొదటి రోజే చాయపత్తా కోసం వచ్చి "అక్కా" అంది, అంతే, అదే ఖాయమైపోయింది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, ఆ మీదట బీఈడీ కూడా పూర్తి చేసింది. ఆ కాగితాలన్నీ బీరువాలో పెట్టి, ముందు గదిలో మిషిన్ మీద జాకెట్లు కుట్టేది. వీధిలో ఆమె పేరు ఎవరికీ అక్కరలేదు, అందరికీ ఆమె జాకెట్లామె.

"ఒక్కసారన్న నన్ను ఎవలన్న టీచర్ అని పిలవాలె అక్కా" అనేది, సూదిలో దారం ఎక్కిస్తూ.

అట్లాంటి రోజుల్లో చర్చి రోడ్డు వైపున్న ఒక ఇంగ్లీషు మీడియం బడి వాళ్ల కరపత్రం పేపర్లో పెట్టి వచ్చింది. చిన్న తరగతులకు ఇద్దరు టీచర్లు కావాలట. ఇద్దరు అన్న మాట చూసి మేమిద్దరం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకున్నాం. ఫోన్ చేసి కనుక్కుంటే, రాతపరీక్ష లేదు, ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటే అన్నారు. మనలో ఉన్న టాలెంట్ ఏంటో రెండు నిమిషాలు చెప్పాలి. ఇద్దరికీ వస్తే ఏడుపాయల పోయి అమ్మవారికి ఒడిబియ్యం పోద్దామని ఆమె అప్పటికప్పుడే మొక్కేసింది. నా తరఫున కూడా ఆమే మొక్కింది.

పిల్లలు బడికి పోయాక రోజూ పదకొండు గంటలకు ఆమె ముందు గదిలో కూర్చునేవాళ్లం. నాది కాలేజీలో ఇంగ్లీషు మీడియం, కాబట్టి నేనే గురువును. నా టాలెంట్ వంట అని ముందే తేల్చుకున్నాను. బగారా అన్నం గురించి రెండు నిమిషాలేం ఖర్మ, పూట గడిచేదాకా చెప్పగలను. ఆమె దగ్గరే వచ్చింది చిక్కు.

"నాకేం టాలెంటున్నది అక్కా, మిషిన్ తొక్కుడు తప్ప?"

నాకు ఒళ్లు మండింది. "నీ తలకాయ! టేపు లేకుండ కత్తిరిస్తవ్ గద, అదేంది మరి?"

"అదొక టాలెంటా?" అని నవ్వింది. అప్పుడే వీధిలో ఒకావిడ సంచి పట్టుకుని పోతోంది. చెల్లె కిటికీలోంచి ఒక్క చూపు చూసి, "ముప్పయ్యారు. ఎడమ భుజం అర ఇంచు కిందికున్నది, పిల్లను గా పక్కనే ఎత్తుకుంటది కావచ్చు" అంది. వారం తర్వాత అదే మనిషి జాకెట్ కుట్టించుకోవడానికి వస్తే, నేను పట్టుబట్టి టేపు పెట్టి చూశాను. ముప్పయ్యారే. ఎడమ భుజం దగ్గర అర ఇంచు తేడా.

ఇది ఎట్లా వచ్చిందని అడిగితే చెప్పింది. చిన్నప్పుడు ఎల్దుర్తిలో వాళ్ల చిన్నమ్మకు మిషిన్ ఉండేది. నాట్లు వేసి వచ్చే ఆడవాళ్లు బురద చీరలతో ఇంట్లోకి రావడానికి మొహమాటపడి, రోడ్డు మీది నుంచే "జర చూసి కుట్టు పిల్లా" అని అరిచి పోయేవాళ్లట. వాళ్లు నిలబడరు, కొలతలు ఇవ్వరు. గడప మీద కూర్చున్న ఈ పిల్ల, వాళ్లు మలుపు తిరిగేలోపు చూసి చిన్నమ్మకు చెప్పాలి. అట్లా చూసి చూసి అలవాటైంది.

నేనా కథను ఇంగ్లీషులో పెట్టాను. చిన్న చిన్న వాక్యాలు రాసి, ఆమె నోట పలికించి, ఫోన్లో రికార్డు చేసి మళ్లీ వినిపించాను. చివరి వాక్యం మీద నాకు ఎంత గర్వమో చెప్పలేను: "మై ఐస్ ఆర్ మై మెజరింగ్ టేప్." ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోయేది. ఇరవై రోజుల్లో అక్షరం పొల్లు పోకుండా ఆమెకు వచ్చేసింది. వినీ వినీ నాకూ వచ్చేసింది.

ఒకరోజు ఆమె సందేహం అడిగింది. "నడుమల వేరేదేమన్న అడిగితే ఎట్ల అక్కా? గప్పుడు నేనేం జెప్పాలె?"

"ఏమడుగరు తియ్యి. నేర్చుకున్నది అప్పజెప్పి రా" అన్నాను. గురువు గారి గొప్పతనం అంతవరకే.

పరీక్ష రోజు ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లాం. వరండాలో కుర్చీలు, గోడ మీద 'స్పీక్ ఓన్లీ ఇంగ్లీష్' అని బోర్డు. లోపల ప్రిన్సిపాల్ మేడమ్, పరీక్ష తీసుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సారు. నా తర్వాతి నంబరు చెల్లెది. నన్ను పిలిచారు. కుర్చీలో కూర్చున్నాను, సారు ఫోన్లో టైం పెట్టాడు. పెడుతూ నవ్వి, పొద్దుట్నుంచి అందరూ వంట గురించే చెబుతున్నారని, దయచేసి మీరు మాత్రం వంట చెప్పకండని అన్నాడు.

నా బుర్ర కడిగిన గిన్నెలా అయిపోయింది. పాట రాదు, ముగ్గు రాదు, బొమ్మ గీయడం రాదు. ముప్పై అయిదేళ్లు బతికి, తిట్టడం తప్ప నాకేమొచ్చు అని నిజంగా అనిపించింది. సారు ఫోన్ వైపు చూస్తున్నాడు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. అందులోంచి చెల్లె బయటికి వచ్చింది. చూసి జాకెట్ కత్తిరించడం వచ్చింది, నాట్లు వేసొచ్చే ఆడవాళ్లు వచ్చారు, చిన్నమ్మ వచ్చింది, గడప వచ్చింది. నాకు చిన్నమ్మే లేదు. మా ఇంట్లో మిషినే లేదు. ఆఖర్న కళ్లే టేపు అన్నాను. సారు "వండర్‌ఫుల్" అని బల్ల మీద వేలితో తట్టాడు.

దీనికైనా ఒక సాకు ఉందనుకుందాం, భయమని. ఆ తర్వాతి దానికి లేదు. నేను బయటికి వస్తున్నాను, ఆమె లోపలికి వస్తోంది. గుమ్మం దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. ఆమె చేయి నా చేతికి తగిలింది, చల్లగా ఉంది. "వేరేది చెప్పు, అది నేను చెప్పేసిన" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. లోపల వాళ్లు వింటారేమో, నా వండర్‌ఫుల్ పోతుందేమో అనుకున్నాను. "మంచిగ చెప్పు" అని పక్కకు తప్పుకున్నాను.

ఆమె తొందరగానే బయటికి వచ్చింది. "అయిపోయింది అక్కా" అంది.  ఆటోలో ఇల్లు చేరేదాకా నేను ఎండ గురించి, రోడ్డు గురించి ఆపకుండా వాగాను.

నాకు ఉద్యోగం వచ్చింది. రెండో ఉద్యోగం రామాయంపేట నుంచి వచ్చే ఒకమ్మాయికి ఇచ్చారు. చేరిన మొదటి వారంలోనే స్టాఫ్ రూమ్‌లో ప్రిన్సిపాల్ మేడమ్ నవ్వుతూ చెప్పింది: "మీ తర్వాత వచ్చినామె మీ మాటలే అప్పజెప్పింది మేడమ్, అక్షరం కూడా మార్చలేదు! తలుపు దగ్గర నిలబడి విన్నట్టుంది. సారు ఇది కాపీ అన్నడు. తలకాయ దించుకొని కూసున్నది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా పీక్కుతినేది ఆ నవ్వే.

చెల్లె ఎప్పటిలాగే కూర గిన్నె ఇచ్చేది, తీసుకునేది. "నీకన్న వచ్చింది గద, ఏడుపాయల పోయి మొక్కు తీర్చుకుందువు" అని రెండుసార్లు గుర్తు చేసింది. సెలవు దొరకడం లేదని దాటేశాను. పొద్దున్నే నేను బ్యాగు తగిలించుకుని బయల్దేరుతుంటే ఆమె మిషిన్ చప్పుడు వినబడేది. ఆమెకు తెలుసో తెలియదో నాకు అంతుబట్టలేదు. తెలియకూడదని మొక్కుకున్న రోజులు కూడా ఉన్నాయి, ఎంత సిగ్గుమాలిన మొక్కో!

మూడు నెలలకు బడి వార్షికోత్సవం వచ్చింది. డాన్సులో పదహారు మంది ఆడపిల్లలు, వాళ్లకు డ్రెస్సులు కుట్టాల్సిన దర్జీ పెళ్లిళ్ల పని ఒప్పుకుని బట్ట వాపసు పంపాడు. ప్రిన్సిపాల్ మేడమ్ నేరుగా నా దగ్గరికి వచ్చి, "మన దగ్గర మీరుండగా ఇంక పరేషాన్ ఎందుకు? మీ కళ్లే టేపు కదా మేడమ్!" అంది. బట్ట మూట నా బల్ల మీద పెట్టించింది.

ఆ మూట పట్టుకుని ఎక్కడికి పోతాను? ఆమె గడపకే పోయాను. బడి పిల్లలకు డ్రెస్సులు కుట్టాలని చెప్పాను.

"మీ మేడమ్‌కు నా గురించి ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది.

"నేనే చెప్పిన" అన్నాను. అది అబద్ధం కాదు. అంత దిక్కుమాలిన నిజం నేను నా జన్మలో చెప్పలేదు.

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "బక్కగైనవ్ అక్కా. జాకెట్ రెండు దిక్కుల కుట్టు వెయ్యాలె" అని, మూట విప్పి బట్ట వెడల్పు చూసుకుంది.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యేసరికి బడికి వచ్చింది. గేటు లోపల ఒక పక్కగా నిలబడింది. ఆ పదహారు మంది వరుసగా తరగతులకు పోతుంటే, చూసి మెల్లగా కొలతలు చెప్పింది. నేను నోటు పుస్తకంలో రాశాను. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఈ పిల్లకు కుడి చెయ్యి జర పొడుగు. నేను రాయలేక వెనకబడుతున్నాను, ఆమె మాత్రం రెప్ప వేయడం లేదు. మా వెనక ప్రిన్సిపాల్ మేడమ్ ఎప్పుడు వచ్చి నిలబడిందో చూసుకోలేదు.

"ఈమె... ఆ రోజు మీది కాపీ కొట్టినామె కదా?" అంది.

చెల్లె తల దించుకుంది. ఆ రోజు కుర్చీలో కూడా ఇట్లాగే దించుకుని ఉంటుంది. అది చూశాక నా వల్ల కాలేదు.

"కాదు మేడమ్. ఈ విద్య ఈమెది. చిన్నమ్మ కథ కూడా ఈమెదే. నాకు సూదిల దారం పెట్టుడు కూడా సరిగ్గ రాదు. ఆ రోజు కాపీ కొట్టింది నేను."

మేడమ్ నన్ను చూసింది, ఆమెను చూసింది.  తర్వాత గడియారం చూసుకుని, "ఇప్పుడైతే పోస్టులు లేవు. శుక్రవారం వరకు డ్రెస్సులు వస్తయా, రావా?" అంది.

"వస్తయి మేడమ్" అంది చెల్లె. మేడమ్ వెళ్లిపోయింది. నా ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే కొంతైనా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ నా అంతట నేను మానుకోలేదు.

గేటు దాకా ఆమె వెంట నడిచాను.  "నీకు ఆ దినమే తెలిసింది గద?" అన్నాను.

"సారు చెప్పంగనే తెలిసింది. మన ఇద్దరికి తప్ప ఆ మాటలు ఎవలికి తెలుసు?"

"మరి అక్కడనే ఎందుకు చెప్పలేదే? నాదే అని, అక్క దొంగతనం చేసిందని, మొహం మీద చెప్పకపోయినవ్?"

"చెప్దామనే నోరు తెరిచిన అక్కా" అంది. గొంతులో కోపం లేదు. "తెలుగుల మొదలువెట్టంగనే సారు ఓన్లీ ఇంగ్లీష్ అన్నడు. గా మాటకు నాకు ఇంగ్లీష్ రాలే. మనం గా మాట ప్రాక్టీస్ చెయ్యలే గద."

నోటు పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. నేను తప్పు రాసిన ఒక పిల్ల భుజం కొలత కొట్టేసి, సరైనది పక్కన రాసుకుని వెళ్లిపోయింది.