ఆదివారం తమ్ముడు

ఆ వీధిలో అందరూ ఆమెను గుండీలక్క అనేవారు. చంటిపిల్లల చొక్కా నుంచి పెళ్ళికొడుకు కోటు దాకా ఏ బట్టకైనా సరిపోయే గుండీ ఆమె దగ్గర దొరికేది. ముందు గదిలో కుట్టు మిషను, గోడ బారునా గాజు సీసాలు, వాటి నిండా గుండీలు. కోపం వస్తే ఎవరితోనూ మాటా మాటా అనుకోదు, ఆ సీసాలు దించి మళ్ళీ సర్దుతుంది. ఆమె సీసాలు సర్దుతుంటే కదిలించకూడదని వీధి వీధంతటికీ తెలుసు.

ఆమె ఉండే దేశంలో పెట్రోలు కారుచౌక. అందుకేనేమో, మనుషులకు కాళ్ళున్న సంగతే మరిచిపోయి ఊళ్ళు కట్టారు. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాల్సిందే. వీధి దాటితే నాలుగు వరసల రోడ్డు, దాని పక్కన నడవడానికి జానెడు జాగా ఉండదు, ఇక బస్సు సంగతి అడగనే అక్కర్లేదు. కళ్ళు బాగున్నన్నాళ్ళు గుండీలక్క తన పాత కారు దర్జాగా నడుపుకుంది. తర్వాత కళ్ళలో పొరలు కమ్మాయి. పరీక్షలో బోర్డు మీది మూడో వరస చదవలేకపోయేసరికి లైసెన్సు తీసేసుకున్నారు. భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో ఉండీ ఖైదీ అయిపోయింది.

అప్పుడు ఆదుకున్నది తమ్ముడే. అతని కాపురం సరిహద్దుకి అవతల. అక్కడ జనం ట్రాముల్లో తిరుగుతారు, పెట్రోలు ధర వింటే గుండె గుభేలుమంటుంది. కానీ అతనిది ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు బిగించే పని, కారు లేనిదే గడవదు. అయినా ప్రతి ఆదివారం ముప్పావు గంట నడుపుకుని వచ్చి, అక్కను ఎక్కించుకుని, పెట్రోలు పంపు దగ్గర ట్యాంకూ డిక్కీలోని డబ్బాలూ నింపుకుని, ఆమెను బజారుకు తీసుకెళ్ళేవాడు. ఎలాగూ వచ్చినవాడు పెట్రోలు పోయించుకుంటే తప్పేముంది అనుకునేది ఆమె. "మా తమ్ముడు నాకోసం దేశం దాటి వస్తాడు" అని బట్టలు తెచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పుకుని మురిసిపోయేది. ఆరేళ్ళు అలాగే చెప్పుకుంది.

నిరుడు కంటి ఆపరేషనుకి ఆసుపత్రివాళ్ళు రోజు ఇచ్చారు. ఆపరేషనైతే చూపు, చూపొస్తే లైసెన్సు, లైసెన్సుంటే ఎవరినీ దేబిరించక్కర్లేదు. తీరా ఆ రోజు బుధవారం అయింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "వారం మధ్యలో పని వదిలేసి అంత దూరం ఎలా రానక్కా?" అన్నాడు. నిజమే, అడగడమే తన బుద్ధితక్కువ అనుకుంది. తీసుకెళ్తానన్న పక్కింటాయన కారు ఆ పొద్దున మొరాయించింది. వంతు తప్పిపోయింది. మళ్ళీ వచ్చి పేరు రాయించుకుంటే, వంతు వచ్చేసరికి ఏడాదిన్నర పడుతుందన్నారు.

ఈ ఏడు ప్రభుత్వం పెట్రోలు మీద రాయితీ ఎత్తేసింది. సరిహద్దుకి రెండు వైపులా ధర ఒకటైపోయింది. ఆ ఆదివారం తమ్ముడికి నడుం నొప్పి. తర్వాతి ఆదివారం వాన. ఆ తర్వాత ఇంట్లో చుట్టాలు. పాపం, వాడికీ సంసారం ఉంది కదా అని గుండీలక్కే సర్దిచెప్పుకుంది, పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన వాటితో సరిపెట్టుకుంది.

నాలుగో వారం పంపులో పనిచేసే అమ్మాయి యూనిఫాం ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చింది. తమ్ముడు రావడం లేదని మాటల్లో అంటే, ఆ పిల్ల నవ్వింది.

"ఆయనొక్కరే కాదక్కా, అటువైపు బళ్ళేవీ రావట్లేదు. బుధవారాలైతే మరీ ఖాళీ."

"బుధవారాలేంటి?"

"ఆయన బుధవారం కూడా వచ్చేవారుగా. నేను డ్యూటీ ఎక్కగానే మొదటి బండి ఆయనదే. నేను చేరినప్పట్నించీ చూస్తున్నా."

ఆ పిల్ల చేరి మూడేళ్ళు. పంపుకి వెళ్ళాలంటే ఈ వీధి మొదలు దాటే వెళ్ళాలి. పంపు దగ్గర నిలబడితే కంటి ఆసుపత్రి బోర్డు కనబడుతుంది. గుండీలక్కకు ఒళ్ళు మండిపోయింది. చౌకగా దొరికేది ఎవరైనా కొనుక్కుంటారు, దానికి కాదు ఆమె ఏడ్చింది. ఆరేళ్ళు ఊరంతా చాటుకున్న ప్రేమ పెట్రోలు ట్యాంకుకి కొసరు అని తెలిసి ఏడ్చింది. రెండు రోజులు సీసాలు సర్దుతూనే ఉంది.

మూడు నెలలకు జనం రోడ్ల మీదికొచ్చి గోల చేస్తే ప్రభుత్వం దిగొచ్చింది. గురువారం ధర తగ్గింది. ఆదివారం పదింటికల్లా గుమ్మం ముందు హారను మోగింది.

"చిక్కిపోయావేంటక్కా?" అన్నాడు తమ్ముడు, పాత నవ్వే నవ్వుతూ. ఆమె మామూలుగానే సంచీ పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక ఖాళీ డబ్బాలు గలగలలాడాయి.

"ఈ బుధవారం వచ్చినప్పుడు నన్ను కంటి ఆసుపత్రిలో దింపు. మళ్ళీ వంతు రాయించుకోవాలి."

తాళం తిప్పబోయిన చెయ్యి ఆగింది. కాదంటాడని, ఎవరో అబద్ధం చెప్పారంటాడని ఆమె ఎదురుచూసింది. అలా అంటే నమ్మేద్దామనే ఉంది ఆమెకు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఆమె బెల్టు తీసేసి, సంచీ తీసుకుని దిగింది. "పంపుకి నేనెందుకురా, దారి నీకు తెలుసుగా" అని తలుపు వేసింది. ఇంట్లో పాలు లేవు, బియ్యం అడుగంటాయి. అయినా వెనక్కి పిలవలేదు.

వీధి మొదట్లో కారు ఆగింది. ఎడమకి తిరిగితే సరిహద్దు, అవతల అతని ఇల్లు. కుడికి తిరిగితే పంపు. చూపు మసకైనా ఏ వైపు మలుపు లైటు వెలుగుతోందో తెలుస్తుంది కదా, గుమ్మంలో నిలబడి చూసింది. కుడి లైటే వెలిగింది.