మంచుకొండ కోసం దాచిన దగ్గు

యుద్ధం ముగిసిన ఏడు, దీపావళికి ముందు ఒక ఉదయం, చిత్తూరు కచేరీలో టైపు మిషను ముందు కూర్చుని దగ్గాను. చేతిగుడ్డలో సన్నని ఎర్రటి చార కనిపించింది. అప్పుడు నేను టైపు చేస్తున్నది గుల్మార్గ్‌లోని ఒక హోటలుకు ఉత్తరం. గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని ఉత్తరం పూర్తి చేశాను.

నేను ఒక దొర దగ్గర క్యాంపు గుమాస్తాను. కాళ్ళకు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారే ఆట కోసం ఆయన జనవరిలో కాశ్మీరుకు పోవాలనుకున్నాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. రేణిగుంటలో రైలెక్కి మద్రాసు, అక్కడినుంచి ఢిల్లీ, రావల్పిండి, తర్వాత మోటారు, చివర గుర్రం. ఆ దారంతా నేనే రాసి పెట్టాను. అంతకుముందు మద్రాసు దాటి ఎరుగను. ఉన్ని కోటు కుట్టించుకుని చిత్తూరు ఎండలో వేసుకు చూసుకుంటే, మా ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న బామ్మర్ది రత్నం పడీపడీ నవ్వినాడు. "జారి పడేదానికి కాశ్మీరం దాకా పోవల్లనా బావా? వానొస్తే మా ఐరాల మడిగట్టు సాలదా?"

ఆ ఎత్తున గాలి పలచన, రొమ్ము గట్టిగా ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నాడు దొర. ఆసుపత్రిలో డాక్టరు వీపు తట్టి చూసి ఒక సీసా చేతికిచ్చాడు. "రేపు లేస్తూనే వచ్చే కఫం ఇందులో పట్టి తీసుకురా. స్ప్యూటమ్ చూడనిదే సంతకం పెట్టను."

మరునాడు ఆ సీసా రత్నం చేతికిచ్చాను. నాకు కఫం రావడంలేదు, కాస్త ఉమ్మి ఇమ్మన్నాను. వాడు నవ్వుతూనే కాండ్రించి ఉమ్మినాడు. రిపోర్టు నెగటివ్ వచ్చింది. సర్టిఫికెట్ దొరికింది.

ఇక రాయడానికి సిగ్గుపడే సంగతి. మా ఇళ్ళల్లో మొగుడు తిని లేచిన విస్తట్లోనే పెళ్ళాం వడ్డించుకుని తింటుంది. నా భార్య మునెమ్మ కాపరానికి వచ్చిన నాటినుంచీ అట్లాగే తినేది. దగ్గులో నెత్తురు పడుతున్నదని తెలిసీ నేను విస్తరి వదిలి లేచేవాణ్ణి. ఆమె కూర్చునేది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. చెబితే ప్రయాణం ఆగిపోతుంది. మూడు నెలలు నోరు విప్పలేదు. పడక కూడా మార్చలేదు.

జనవరి ఆఖరులో రేణిగుంట ప్లాట్‌ఫారం మీద పెట్టెలు లెక్కపెడుతుండగా నోటినిండా నెత్తురు వచ్చింది. కొత్త కోటు ముందుభాగమంతా తడిసింది. దొర నన్ను ఆసుపత్రికి పంపి తాను రైలెక్కాడు.

చిత్తూరులో అదే డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎత్తి చూశాడు. "కుడి ఊపిరితిత్తిలో పెద్ద కేవిటీ, క్షయ తొలిచిన గుంత. మూడు నెలల కిందట నెగటివ్ ఎట్లా వచ్చింది?" పరీక్ష చేసినాయన్ను పిలిచి నా ముందే చీవాట్లు పెట్టాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను.

మదనపల్లి వైపు ఒక సానిటోరియంలో చేర్చారు. బెడ్ రెస్ట్, టెంపరేచర్ చార్ట్. ఊపిరితిత్తిని అణచి విశ్రాంతి ఇవ్వడానికి రొమ్ములోకి సూదితో గాలి పంపే ఏ.పి. అనే వైద్యం. మొదటిసారి గాలి పట్టలేదు. "ఊపిరితిత్తి రొమ్ముగోడకు అతుక్కుపోయి ఉంది. ఇంకోచోట చూద్దాం" అన్నాడు అక్కడి డాక్టరు. రెండోసారి పట్టింది గాని లోపల నీరు చేరి రెండు నెలలు జ్వరం కాసింది.

అయిదో నెలలో రత్నం మునెమ్మను వెంటబెట్టుకు వచ్చాడు. చూడ్డానికి వచ్చారనుకున్నాను. "ఈమెది కూడా పాజిటివ్. ఎన్నాళ్ళనుంచి దగ్గుతున్నావు నువ్వు, నిజం చెప్పు" అన్నాడు డాక్టరు. అప్పుడు చెప్పాను. చేతిగుడ్డ, సీసా, విస్తరి, అన్నీ. ఎంగిలికన్నా పక్కన పడుకుని దగ్గడమే ఎక్కువ చేటు చేసి ఉంటుందన్నాడాయన. అది నాకు ఊరట కాలేదు.

రత్నం ఈసారి నవ్వలేదు. "సీసా ఇచ్చిననాడే నేను అడిగుండల్ల బావా. నాదీ తప్పుండాది."

మునెమ్మ మూట చంకన పెట్టుకుని ఆడవాళ్ళ వార్డుకు పోయింది. గుల్మార్గ్ నుంచి దొర పంపిన బొమ్మకార్డు ఒకటి నా దిండు కింద ఉండేది. కొన్నాళ్ళకు లేచి నడవనిచ్చినప్పుడు దాన్ని తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"ఇదేనా? అంతా తెల్లగా ఉండాది. ఆడ ఏమీ లేదే."

కార్డు తిరిగి ఇచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను ఏడాదిన్నరకు, ఆమె రెండేళ్ళకు బయటపడ్డాము. ఇప్పటికీ రొమ్ములో మళ్ళీ గాలి నింపే రీఫిల్ కోసం నెలకొకసారి ఇద్దరం ఒకే బస్సులో పోతాము. ఇంటికి రాగానే నేను మొదట చేసిన పని, నా మూలంగా చీవాట్లు తిన్న ఆ పరీక్షాయన దగ్గరకు పోయి నిజం చెప్పడం. ఆయన విని, "మీ భార్య ఎట్లుండాది?" అని మాత్రం అడిగాడు.

మా ఇంట్లో ఇప్పుడు రెండు విస్తళ్ళు వేస్తాము. ముందు ఆమె తింటుంది. నేను వడ్డిస్తాను. మొదట్లో ఆమెకు ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది.

చదివే మీకు ఒక్క మాట చెబుతాను. దగ్గులో ఎరుపు కనిపించిన రోజే, డాక్టరిచ్చే సీసాలో మీ కఫమే పట్టి ఇవ్వండి. డాక్టరు దగ్గరకు పోయే ముందు, మీ పక్కన పడుకునే మనిషికి ఆ సంగతి చెప్పండి.