ఎర్రయ్య, నాలుగు దిమ్మల బ్రిడ్జి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపు పక్కనుంచి సైకిలు మీద పోయేవాళ్లు కూడా ఒక చెయ్యి వదిలి చెవికి అడ్డం పెట్టుకునేవారు. అంత మోత. ఆ మోత మధ్య నిలబడి రివెట్లు కొట్టడం ఎర్రయ్య ఉద్యోగం. తండ్రి నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడే పనిచేశాడు, కొడుకూ అక్కడే చేరాడు. ఆ షాపువాళ్లు ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరిచే అడుగుతారని పేరు. ఎర్రయ్య మాత్రం మెల్లగానే మాట్లాడేవాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు, భార్య అప్పలనర్సమ్మ, శనివారం సాయంత్రం రామమందిరంలో భజన. భజనలో డోలక్ అతనిదే. హార్మోనియం వాయించే మనిషి రాని రోజున అదీ తనే ముందుకు లాక్కునేవాడు.

నలభై దాటాక, డెబ్భైల మొదట్లో, అతని చేతికి బేస్ గిటారు వచ్చింది. తెచ్చిపెట్టినవాడు రిచర్డ్. గూడ్సు బండి గార్డు, ఆంగ్లో ఇండియన్. చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన ఆయా టెక్కలి మనిషి కావడంతో తెలుగు బాగానే వచ్చు. రైల్వేవాళ్ల క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్ హాల్లో డాన్సులకు అతని బ్యాండు వాయించేది. బేస్ గిటారు కుర్రాడికి చక్రధర్‌పూర్ బదిలీ అయ్యాక వేరే మనిషి దొరక్క తిరుగుతూ, ఒక శనివారం మందిరం ముందు సైకిలు ఆపి డోలక్ విన్నాడు.

"మిస్త్రీ, నీ చేతిలో తాళం ఉంది. నాలుగు తీగలే. నేను నేర్పిస్తాను, ఠీక్ హై?"

వేళాకోళం అనుకున్నాడు ఎర్రయ్య. అయినా వెళ్లాడు. ఆ లావు తీగను మొదటిసారి మీటినప్పుడు శబ్దం చెవిలో కంటే పొట్టలో ఎక్కువగా తెలిసింది. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా ఒక చేత్తో పొట్ట తడుముకున్నాడు. రెండు చలికాలాలు గడిచేసరికి డాన్సుల్లో తప్పు లేకుండా వాయించే స్థితికి వచ్చాడు.

ఆ గిటారుకొక జబ్బు ఉంది. మెడ మీద కింది మెట్ల దగ్గర బాగా పలికేది, పైకి పోయేకొద్దీ అపస్వరం. తీగలు చివర ఆనే చోట వంచిన ఇనుప రేకు ఒకటి ఉండేది. అదే బ్రిడ్జి. నాలుగు తీగలకూ ఒకటే రేకు, జరిపేందుకు లేదు, ఎత్తేందుకు లేదు. రిచర్డ్ కలకత్తా పోయినప్పుడు పాత వాయిద్యాలమ్మే దుకాణంలో, విరిగిపోయిన విదేశీ గిటారు నుంచి ఊడదీసిన బ్రిడ్జి కొనుక్కొచ్చాడు. బరువైన ఇత్తడి ముక్క. తీగకొక చిన్న దిమ్మ, దిమ్మకొక పొడుగు స్క్రూ. తిప్పితే దిమ్మ ముందుకో వెనక్కో జరుగుతుంది. పక్కన ఉన్న చిన్న మరలు తిప్పితే తీగ లేస్తుంది, దిగుతుంది.

"బిగించు. పనిముట్లు నీకు తెలుసు," అన్నాడు రిచర్డ్.

ఎర్రయ్యకు పండగలా ఉంది. వరండాలో గోనె పరిచి, పాత రేకు విప్పాడు. దాని కింద కన్నంలోంచి సన్నటి తీగ ఒకటి బయటికి తొంగిచూస్తోంది. ఎవరో మరిచిపోయి ఉంటారనుకుని వేలితో లోపలికి నెట్టేశాడు. పాత మరల కన్నాల్లో వెదురు పుల్లలు జిగురు పెట్టి దిగ్గొట్టి, ఆరాక కొత్త కన్నాలు వేసి, తీగలు మెడ మీదికి తిన్నగా పోయేట్టు చూసి బిగించాడు.

సాయంత్రం హాల్లో ఆంప్లిఫైరుకు తగిలించగానే గుంయ్‌మని మోత. పూర్వం తీగల మీద అరచెయ్యి వేస్తే అణిగేది. ఇప్పుడు వేసినా అణగలేదు.

"బ్రిడ్జి కింద ఎర్త్ వైరు ఉండాలే, ఏదీ?" అన్నాడు రిచర్డ్.

"ఉన్నాది బాబు. పనికిరానిదనుకుని లోనికి నెట్టీసినాను."

మళ్లీ విప్పి, వైరు బయటికి లాగి, ఇత్తడికి తగిలేలా పెట్టి బిగించారు. మోత ఆగిపోయిందని అందరూ అన్నారు. ఎర్రయ్యా తలూపాడు గానీ అతనికి వినిపిస్తూనే ఉంది. ఆంప్లిఫైరు స్విచ్ తీసేసినా వినిపిస్తోంది. సైకిలు మీద ఇంటికొస్తుంటే వెనక సీటు మీద కూర్చుని వస్తున్నట్టే వచ్చింది.

"ఒలే నర్సీ, ఏదో గుంయ్‌మంటన్నాది, నీకినిపిస్తందా?"

"నాకేటీ ఇనపడ్నేదు బావా. పక్కోళ్ల రేడియో కూడా కట్టీసినారు."

రోజంతా రివెట్ల మోతలో ఉండేవాడికి చెవిలో శబ్దం మిగిలిపోవడం వింత కాదు. అలా సర్ది చెప్పుకుని పడుకున్నాడు.

చిక్కు ఆ వారంలోనే మొదలైంది. శ్రుతి చేసుకోవడానికి భజన హార్మోనియం ఇంటికి తెచ్చేవాడు. నర్సమ్మ ఎడమ పక్కన కూర్చుని, అతను చూపించిన మెట్టు నొక్కి తిత్తి ఊపేది. ఎర్రయ్య గిటారు ఒళ్లో పెట్టుకుని, కుడి చెవి చెక్కకు ఆనించి తీగ మీటుతూ బిరడా తిప్పేవాడు. రెండూ కలిశాయనుకున్నాక హాలుకు వెళ్లేవాడు. అక్కడ రిచర్డ్ పియానో మొదలుపెట్టి, నాలుగు చరణాలు కాకుండానే ఆపేసేవాడు.

"ఎర్రయ్యా, సుర్ కిందకుంది."

"ఇంటికాడ సరిగ్గానే ఉన్నాది బాబు."

"దారిలో పడేసుకున్నావా?"

అందరూ నవ్వారు. ఎర్రయ్య నవ్వలేదు. ఇంట్లో సరిగ్గా ఉన్నది ఇక్కడికి వచ్చేసరికి దిగిపోయిందంటే ఏదో జారుతోందన్నమాట. జారడానికి కొత్తగా వచ్చింది బ్రిడ్జి ఒక్కటే. అతని బుద్ధి ఫిట్టరు బుద్ధి. తేడా కనబడితే దగ్గరున్న మర వైపు చెయ్యి పోతుంది. పాత రేకుకు తిప్పేందుకేమీ లేదు కాబట్టి ఎలా పలికితే అలా ఊరుకున్నాడు. దీనికి ఎటు చూసినా మరలే.

రిచర్డ్ పద్ధతి చెప్పే ఉన్నాడు. తీగకు నట్టనడుమ పన్నెండో మెట్టు. అక్కడ తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటి వదిలితే గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటితే వచ్చే స్వరం దానితో కలవాలి. నొక్కినది ఎక్కువగా ఉంటే దిమ్మ వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు. కానీ ఆ గంట స్వరం ఎర్రయ్య మొద్దు వేలికి సరిగ్గా దొరికేది కాదు. అందుకని నొక్కిన స్వరాన్ని హార్మోనియంతోనే పోల్చి దిమ్మలు జరిపేవాడు. ఒకరోజు ముందుకు జరిపినదాన్ని మర్నాడు వెనక్కి జరపాల్సి వచ్చేది. ఇంకోరోజు ఏమీ చెయ్యకుండానే అన్నీ కలిసిపోయేవి. చివరికి ఒక దిమ్మ ముందు గోడకు, ఒకటి వెనక గోడకు ఆనిపోయాయి. ఇక తిప్పడానికి మర లేదు.

రిచర్డ్ ఒకసారి విసుగ్గా తనే కూర్చుని సరిచేశాడు. "ఇక దీన్ని ముట్టుకోకు," అన్నాడు.

ఎర్రయ్య ఇంటికెళ్లి హార్మోనియంతో చూసుకున్నాడు. కలవలేదు. ముట్టుకున్నాడు.

ఎవరిది తప్పు? రిచర్డ్‌కు సంగీతం తెలుసు. తనకూ చెవి ఉంది, పదిహేనేళ్లు భజనలో శ్రుతి తప్పనివాడు. ఇన్‌స్టిట్యూట్ పియానోకు చెద పట్టిందని కొన్నాళ్లు అనుమానపడ్డాడు. ఒకరోజు ముందుగా వెళ్లి దాని మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాడు కూడా. చెద లేదు. తనను బ్యాండులోంచి తియ్యడానికి కావాలని అంటున్నారేమో అనుకున్నాడు. మరుక్షణం రిచర్డ్ తనతో టీ పంచుకు తాగడం గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

నవంబరులో ఒక పొద్దున షాపులో సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలిచిపోయాడు. బాయిలరు, క్రేను, కప్పు, అన్నీ ఒక పక్కకు తిరుగుతున్నాయి. కింద కూర్చుని నేలను పట్టుకున్నాడు. "కీ హొలో దాదా?" అని బెంగాలీలో ఏమైందని అడుగుతూ క్రేను మనిషి పరుగెత్తుకొచ్చాడు. వాంతి చేసుకున్నాక రిక్షాలో ఇంటికి చేర్చారు.

మధ్యాహ్నానికి తిరగడం తగ్గింది. కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉండగా వర్క్‌షాపు సైరన్ మోగింది. పుట్టినప్పటి నుంచి విన్న సైరన్. అది ఆ రోజు బొంగురుగా, కిందకు దిగి ఉంది. ఏమిటా అని తలగడ మీంచి తల ఎత్తి ఇటు తిరిగాడు. మోగుతూ మోగుతూనే అది పైకి లేచి మామూలు సైరన్ అయింది.

"నర్సీ! ఇయ్యేల రెండు సైరన్లు కొట్టినారేటి?"

"ఒకటే గదా. పడుకో బావా, ఇంకా తల తిరుగుతన్నట్టున్నాది."

ఎర్రయ్య పడుకోలేదు. లేచి కూర్చుని ఎడమ చెవి మూశాడు, కుడి చెవి మూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి నర్సమ్మ చూస్తోంది.

"సిన్నపిల్లలాటేటి అది?"

"ఇటు రా. ఈ చెవి కాడ 'ఆ' అని రాగం తియ్యి."

"ఎవులైనా సూస్తే నవ్వుతారు."

"నవ్వనీ. తియ్యి."

ఆమె తలుపు చేరేసి, కుడి చెవి దగ్గర నోరు పెట్టి ఆలపించింది. మంగళహారతి పాడేటప్పటి గొంతు. "అదే గొంతుతో ఇటేపు," అన్నాడు. ఎడమ చెవి దగ్గర కూడా పాడింది. ఎర్రయ్య మొహం పాలిపోయింది. ఇటువైపు పాడింది తన భార్య కాదు, ఆమెకు అన్నగారి లాంటి ఎవరో మోటుగొంతు మనిషి.

"మార్సినావు గదూ?"

"అమ్మతోడు, మార్సనేదు."

"మరి ఏది నీ గొంతు? ఈ రెండింట్ల ఏది నిజం?"

నర్సమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నువ్వేటిన్నావో అదే నువ్వూ రాగం తియ్యి. నా గొంతు నాకు తెల్దా?" అంది.

మళ్లీ పాడింది. కుడి చెవితో విని అతను తీసిన రాగం ఆమెతో కలిసింది. ఎడమ చెవితో విని తీసింది కిందికి పడింది. "ఇది కాదు," అంది ఆమె గట్టిగా. ఆపైన నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ తను హార్మోనియం ఊపిన చోటు ఆ ఎడమ పక్కే.

రైల్వే ఆసుపత్రి డాక్టరు పంగలకర్ర లాంటి చిన్న ఉక్కు ముక్క మోగించి నుదుటి మీద ఆనించి, ఎటు వినిపిస్తోందని అడిగాడు. ఎర్రయ్య దాని వైపే చూస్తూ, ఎప్పుడు మోగించినా ఒకే స్వరం పలికే అలాంటిది తనకొకటి ఉంటే ఎంత బాగుండునని అనుకున్నాడు. చెవి లోపలి భాగంలో నీరు ఎక్కువై ఒత్తిడి పెరుగుతోందని, వస్తూ పోతూ ఉంటుందని, తగ్గుతుందని గానీ తగ్గదని గానీ చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, మోతలో పని మానమని రాసిచ్చాడు. ఎర్రయ్యను పనిముట్లు ఇచ్చే గదికి మార్చారు. ఎండుచేపలు ఇంట్లో బందు.

ఇంత తెలిసినా ఎర్రయ్యకు ఊరట కలగలేదు. బ్రిడ్జి తప్పయితే బ్రిడ్జి మార్చవచ్చు. ఇప్పుడు ఏది విన్నా వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వస్తోంది. భజనలో పక్కవాడు శ్రుతి తప్పితే వాడు తప్పాడా, తను తప్పు విన్నాడా? పదిహేనేళ్లలో ఎప్పటి నుంచి ఇలా ఉంది? అడిగితే చెప్పేవాళ్లెవరు?

గిటారు తిరిగిచ్చేస్తానని రిచర్డ్ దగ్గరకు వెళ్లి, చెవి సంగతి చెప్పాడు. రిచర్డ్ సిగరెట్ ఆర్పేశాడు.

"నేను నిన్ను చూసి నవ్వాను."

"మీకేటి తెలుసు బాబు. నాకే తెల్దు."

"క్రిస్మస్ డాన్సుకి నువ్వే వాయిస్తావు. కుడి చెవి ఉంది కదా."

ఆదివారం పొద్దున్నే ఎడమ చెవిలో దూది కుక్కుకుని వరండాలో కూర్చున్నాడు ఎర్రయ్య. నర్సమ్మను కుడి పక్కకు రమ్మన్నాడు. దిమ్మలన్నీ నడుమకు తెచ్చి, బిరడాలు బిగించి, గంట స్వరం వచ్చేదాకా వేలు అరిగేలా మీటాడు. అది వచ్చాక, పక్క తీగను అదే స్వరం దగ్గర నొక్కి, రెండూ ఒకేసారి మోగించాడు.

"కలిసినాయా?"

"నాకేటి తెలుస్తాది? కుండలో నీళ్లు తొణికినట్టు తొణుకుతన్నాది."

ఎర్రయ్య చెక్కకు దవడ ఆనించాడు. నిజమే. రెండు స్వరాల మధ్య ఒక ఊపు. దిమ్మ కాస్త వెనక్కి తిప్పితే ఊపు నెమ్మదించింది, ఇంకాస్త తిప్పితే పూర్తిగా నిలిచింది. మరీ తిప్పితే మళ్లీ మొదలైంది. అది ఎడమ చెవికీ ఊపే, కుడి చెవికీ ఊపే, పళ్లకు కూడా ఊపే. స్వరం ఎంత ఎత్తులో ఉందో తేల్చుకునే పని లేదు, తొణుకు ఆగిందా లేదా అనేదే చూడాలి. ఒక్కో తీగా అలా చేసుకుంటూ పోయారు. లావు తీగ దగ్గర ఇద్దరికీ మాట కలవలేదు. ఆగిందని అతను, ఆగలేదని ఆమె. ఈలోగా పప్పు మాడింది. ఆమె లోపలికి పరిగెత్తింది. లావు తీగను అలాగే వదిలేశాడు.

డాన్సు రోజున హాల్లో రంగు కాగితాలు, ఎర్ర దీపాలు. నర్సమ్మ బయటి వరండాలో, బ్యాండువాళ్ల ఇళ్లవాళ్లతో కూర్చుంది. మొదటి పాటకే ఎర్రయ్య ఎడమ చెవిలో మోత లేచింది, దూదిని దాటుకుని. తను మీటింది తనకు సగం వినిపిస్తోంది, సగం పొట్టకు తెలుస్తోంది. రిచర్డ్ పియానో మీంచి ఒకసారి తలూపాడు. బాగుందనా? తగ్గించమనా? ఎర్రయ్యా తలూపి, మెట్ల మీద వేళ్లు ఎక్కడ పడాలో అక్కడే పడుతున్నాయో లేదో చూసుకున్నాడు. తల ఎత్తినప్పుడు నాట్యమాడేవాళ్ల పాదాలు కనబడ్డాయి. తను మీటినప్పుడే అవి నేలకు తగులుతున్నాయి. ఎవరూ తడబడలేదు, ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. బేస్ గిటారు బాగా ఉన్నప్పుడు ఎవరూ చూడరని రిచర్డ్ ఎప్పుడో అన్నాడు. బాగా లేకపోతే చూస్తారా మరి? అదీ తెలియదు.

చివరి పాట అయ్యాక రిచర్డ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ ఏదో చెప్పాడు. నిలబడింది ఎడమ పక్క. ఎర్రయ్యకు ఒక్క ముక్క అందలేదు.

"ఆఁ, అలాగే బాబు," అన్నాడు.

బయటికొచ్చాక నర్సమ్మ అడిగింది. "ఏటన్నాడు గార్డు బాబు?"

"తెల్దు. ఆఁ అనీసినాను."

ఆమె నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చింది. వచ్చే నెల చక్రధర్‌పూర్‌లో ఒక పెళ్లిలో వాయించాలట, రెండు రోజులు అక్కడే ఉండాలట, వస్తానని మాట ఇచ్చాడట.

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. నన్ను కూడా తెమ్మన్నాడు. తొణుకు సూడ్డానికి మనిషుండాలంట."

ఎర్రయ్య సైకిలు తాళం తీశాడు. సంతోషించాలో భయపడాలో అతనికి తోచలేదు. ఆమె క్యారియరు మీద కూర్చుని, ఒళ్లో గిటారు పెట్టుకుంది. చక్రధర్‌పూర్‌లో చలి ఎలా ఉంటుందో, రెండు రోజులకు ఏ చీరలు సర్దాలో కుడి చెవి వైపు వంగి చెబుతూనే ఉంది.