బొగ్గు బస్సు పంకా

నిరుడు మా పాపను జగ్గయ్యపేట నుంచి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పుట్టుకతోనే చిన్నపేగుకు చిన్న తిత్తి ఉందనీ, నెత్తురు పోతున్నది దాని వల్లేననీ, కోసి తీసేస్తే ఇక భయం లేదనీ డాక్టరుగారు చెప్పారు. బి.ఏ. చదివాను గానీ, ఆ చివరి మాట మాత్రం నమ్మలేకపోయాను.

నందిగామ దగ్గర పెట్రోలు బదులు బొగ్గుతో నడిచే మా బస్సు ఆగిపోయింది. నిప్పు రాజుకోవాలంటే బస్సు వెనక బొగ్గు పొయ్యికున్న పంకా తిప్పాలి. తిప్పడానికి లేచిన ఒక రైతు నా కళ్లు చూసి, "ఏంటమ్మా, పాపకు బాగాలేదా?" అన్నాడు. చెప్పాను. ఆయన చొక్కా పైకెత్తి, బొడ్డు పక్కన పాత కుట్ల మచ్చ చూపించాడు.

"పాప ఈడులో నాకూ ఆ తిత్తే తీసేశారండి. ఇరవై ఏళ్లు దాటింది. తీశారో, ఇంకోటి కుట్టారో, ఇంత తిండి ఎక్కడికి పోతోందంటది మా ఆవిడ."

పాప నవ్వింది. ఆయన దిగి, బస్సు కదిలేదాకా ఒక్కడే పంకా తిప్పాడు.

మొన్న అదే దారిలో బస్సు మళ్లీ ఆగింది. పాప డ్రైవరుకు తన మచ్చ చూపించి, పంకా తానే తిప్పుతానంది. ఆపరేషనైన ఈ ఏడాదిలో ఇంట్లో చెంబు కూడా ఎత్తనివ్వని నేను, పాపను ఎత్తుకుని పంకా పిడి అందించాను.