మస్తాన్‌బీని బడి మానిపించింది నేనే

1984లో పిడుగురాళ్ల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాను. పిల్లలకు డ్రిల్లు మాస్టారిని. నాకప్పుడు ఇరవై ఐదేళ్ళు. మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచ్, నాకంతా తెలుసనే పొగరు. గాలి ఇటు తిరిగితే సున్నపు బట్టీల పొగ గ్రౌండు మీదికి వచ్చేది. ఆ పొగలోనే పిల్లల్ని పరిగెత్తించేవాణ్ణి.

ఈమధ్య అప్పటి ఉపాధ్యాయులం కొందరం కలిసినప్పుడు మస్తాన్‌బీ మాట వచ్చింది. ఆ పిల్లను తండ్రే మానిపించాడని ఒకరన్నారు, మిగతావాళ్ళు తలూపారు. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం అలాగే బతికింది. దాన్ని మొదట చెప్పింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు డిసెంబరులో ఇన్‌స్పెక్షన్ ఉంది. ఆరో తరగతి మొత్తం ఆరువందల మీటర్లు, అంటే మా గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు, మూడు నిమిషాల్లో పూర్తి చెయ్యాలని లక్ష్యం పెట్టాను. పొట్టివాళ్ళకూ అదే, జ్వరం నుంచి లేచినవాళ్ళకూ అదే. అందరూ పాసవ్వాలని హెడ్మాస్టరు గట్టిగా చెప్పారు. ఎవరు ఎంతలో పరిగెత్తగలరో ఆయన అడగలేదు, నేను చూడలేదు.

మస్తాన్‌బీ లారీ మెకానిక్కు చిన్నకూతురు. అడ్మిషన్ రిజిస్టరులో పదేళ్ళు. అసలు వయసు ఎనిమిదిన్నర. తల్లి బట్టీల పనికి పోతుంది కాబట్టి అక్కతోపాటు ఈ పిల్లనూ ఒకేరోజు ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. వయసు చాలకపోతే అయ్యవారే ఐదేళ్ళని రాసేశాడు. మా వైపు ఇది మామూలే. రిజిస్టరు తిరగేస్తే సగంమంది జులై ఒకటినే పుట్టి ఉంటారు. నా సర్టిఫికెట్లోనూ అదే తేదీ ఉంది. అంత తెలిసినవాణ్ణి ఆ పిల్లను కళ్ళతో చూడకుండా రిజిస్టరును చూశాను.

ప్రతి వారం అందరికంటే వెనక వచ్చేది. సోమరిపోతు అన్నాను. మిగతా పిల్లల్ని వరసగా నిలబెట్టి, వాళ్ళ ముందు ఒంటరిగా పరిగెత్తించాను. ఇన్‌స్పెక్షన్‌కు వారం ముందు ఒకే పూట మూడుసార్లు పరిగెత్తించాను. మూడోసారి సగంలో వాంతి చేసుకుని పడిపోయింది. ఉత్త కాళ్ళు, సున్నపురాళ్ళ నేల. అరికాళ్ళు చీరుకుపోయాయి. నేను స్టాప్‌వాచ్ ఆపి, నోటుబుక్కులో ఫెయిల్ అని రాసి, తర్వాత వెళ్ళి లేపాను. ఆ వరస తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడోరోజు తండ్రి వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా పోలేదు.

"సారూ, నా బిడ్డకు ఎన్నేళ్ళో తెలుసా మీకు?"

"రిజిస్టరులో పదేళ్ళున్నాయి."

"రిజిస్టరు పరిగెత్తిద్దా సారూ? పరిగెత్తింది పిల్ల గదా." "బడికి పోవే అని నేను బతిమాలతన్నా. అదేమో మీ పేరు చెప్తేనే వణుకుతాంది. ఒక్కసారి ఇంటికొచ్చి, ఇంక పరిగెత్తించనని చెప్పండి. చాలు."

ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దామన్నాను. అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు పిల్ల ఎందుకు రావట్లేదని అడిగారు. "వాళ్ళ నాన్నకు ఇష్టం లేదండీ" అన్నాను.

"ఆ ఇళ్ళల్లో ఆడపిల్లల చదువు అంతేలేవయ్యా" అని ఆయన ఆ కారణమే రిజిస్టరులో రాశారు. నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఆ తండ్రి పెద్దకూతురు, మస్తాన్‌బీతో కలిసి బళ్ళో చేరిన అక్కే, తర్వాతి ఏళ్ళలో మా బళ్ళోనే పదో తరగతి దాకా చదివి పాసయింది. అది కళ్ళారా చూసి కూడా ఆ మాట ఎవరూ దిద్దలేదు. నేనూ దిద్దలేదు.

జనవరిలో వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే మస్తాన్‌బీ లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది. ఎంత పిలిచినా రాలేదు. తండ్రి నాకు కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. "మీరు ఆలస్యం చేశారు సారూ" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ ఏ బడి మెట్టూ ఎక్కలేదు.

తిరిగొచ్చి నోటుబుక్కు తీశాను. మొదటి వారం ఆ పిల్ల తీసుకున్నది నాలుగు నిమిషాల పది సెకన్లు. తర్వాత నాలుగు. ఆ తర్వాత మూడు నిమిషాల యాభై రెండు. చివరి వారం మూడు నిమిషాల ముప్పై నాలుగు. తరగతి మొత్తంలో అంతగా మెరుగుపడినవాళ్ళు ఇంకొకరు లేరు. ప్రతి అంకె పక్కనా ఫెయిల్ అని నా చేతిరాతే ఉంది.

ఆ వేసవి తర్వాత, అందరికీ మూడు నిమిషాలని రాసి గోడకు అంటించిన చార్టు చించేశాను. ప్రతి పిల్లకూ సొంత కాలమే లక్ష్యం: పోయిన వారం కంటే రెండు సెకన్లు తగ్గితే చాలు, తగ్గకపోతే తిన్నారా, నిద్రపోయారా అని అడగాలి. మంచి పద్ధతి కనిపెట్టానని చాలామంది మెచ్చుకున్నారు. నేను కనిపెట్టిందేమీ లేదు. పిల్లను చూసి లక్ష్యం పెట్టాలని, ఎనిమిదిన్నరేళ్ళ మస్తాన్‌బీ తన చదువు పోగొట్టుకుని నాకు నేర్పింది.